గిటారుకు గౌరవం తెచ్చిన సెగోవియా

కొంతకాలం క్రిందట మా డిచ్‌పల్లిలో చదువుకొనే విద్యార్థి యొకడు నా వద్దకు వచ్చి, తాను గిటారు కొనదలచినాననీ, ఏది కొనవలెనో చెప్పవలసినదనీ కోరినాడు. అతని తండ్రి రైతు. నిజామాబాదు మార్కెట్టులో పసుపు అమ్మగా మిగిలిన సొమ్ములో కొంత ఆ కోరికకై తీసి యిచ్చినాడట. పిల్లవాని మనస్సు ఒక కొత్త రకం వాద్యంపైకి పోయినది. దానికి డొల్ల వుండదు. గట్టి కొయ్యయే శరీరం. తీగలు మాత్రం నైలానువి. విద్యుత్తు లేనిదే నలుగురికి వినబడదు. వెనుకటి డొల్ల గిటారా, ఈ గట్టికొయ్య గిటారా అన్నది అతని సంశయం. తెలుగు చెప్పుకొనే నాకు వాద్యాల బేరం తెలియదు. కాని ఆ ప్రశ్న వినగానే ఒక మహనీయుని జీవితం జ్ఞప్తికి వచ్చినది. అతడు స్పెయిను దేశస్థుడైన ఆంద్రేస్ సెగోవియా.

సెగోవియా 1893 ఫిబ్రవరి 21న లినారెస్ అనే చిన్న పట్టణంలో జన్మించినాడు. మన ద్వారం వెంకటస్వామినాయుడుగారు పుట్టినదీ ఆ యేడాదే కావడం విశేషం. ఒకరు పడమటినుండి వచ్చిన వయొలిన్‌ను పక్కవాద్యపు పీటమీదినుండి లేపి కచేరీ మధ్యను కూర్చుండబెట్టినారు. మరొకరు తన దేశంలోనే చిన్నచూపు చూడబడుతున్న గిటారును సభాగౌరవానికి తెచ్చినారు. ఇద్దరి కీర్తికీ మూలం నాద మాధుర్యమే.

సెగోవియా పసితనంలోనే పినతండ్రి యింట పెరుగవలసివచ్చినది. కుర్రవానికి మొదట వయొలిన్ చెప్పించినారు. గురువు కఠినుడు, విద్య అంటలేదు. గిటారు తీగ వినబడినప్పుడు మాత్రం ఆ బాలుని ప్రాణం లేచివచ్చేది. అయితే ఆనాటి స్పెయినులో గిటారు అంటే మధుశాలలలో ఆటపాటలకు తోడుగా మ్రోగే వాద్యమే. పెద్దింటి బిడ్డలు చేపట్టదగినది కాదని లోకుల తలంపు. ఇంటివారు వద్దన్నారు. పిల్లవాడు చాటుగా సాధన సాగించినాడు. గ్రనాడా నగరంలో బెనితో ఫెర్రర్ అనే పనివాడు చేసిన గిటారు అతని తొలి వాద్యం. వాద్యానికి సరియైన గురువు దొరకలేదు. దొరికిన స్వరలిపి పుస్తకాలే ఉపాధ్యాయులు. తనకు తానే గురువు, తానే శిష్యుడు అయి నేర్చినాడు. 1909లో, పదునారేండ్ల ప్రాయంలో, ఆ నగరంలోనే తొలి కచేరీ చేసినాడు.

తరువాత మాడ్రిడ్ నగరం చేరినాడు. అక్కడ పండితసభ యెదుట వాయించే అవకాశం లభించినది గాని, చేతిలోని వాద్యం ఆ సభకు చాలదు. మంచిది కొనుటకు సొమ్ము లేదు. మాన్యువెల్ రమీరెజ్ అనే ప్రసిద్ధ వాద్య నిర్మాత అంగడికి పోయి, ఒక్క కచేరీకి గిటారును అద్దెకిమ్మని అడిగినాడు. పియానో అద్దెకు దొరుకుతున్నప్పుడు గిటారు ఏల దొరకరాదని అతని వాదం. కోరిక విడ్డూరంగా తోచినా, రమీరెజ్ ఒక వాద్యం తీసి యిచ్చి వాయించి చూపమన్నాడు. వాయించగా విన్నాడు. విన్న పిమ్మట అద్దె మాట పోయినది, ధర మాట పోయినది. ఆ గిటారు కుర్రవానిదే అయినది. సొమ్ముతో కాక వేరొక విధంగా ఋణం తీర్చుకోవలెనన్నదే ఆ నిర్మాత పెట్టిన షరతు. 1912లో తయారైన ఆ వాద్యమే పాతికేండ్లపాటు సెగోవియాకు తోడు నడచినది.

ఇక రెండవ చిక్కు. గిటారు గొంతు చిన్నది. నలుగురు కూర్చున్న గదిలో మధురమే కాని, పెద్ద సభలో చివరి వరుసకు చేరదని తోటి వాద్యకారులే నమ్మేవారు. 1916లో బార్సిలోనాలో, రెండువేల మందికి పైగా పట్టే సంగీత మందిరంలో సెగోవియా ఒంటరిగా వాయించినాడు. వాద్యం గొంతు పెంచలేదు. సభనే నిశ్శబ్దం చేసినాడు. గోరు, వ్రేలికొన రెండూ కలిపి మీటడం అతని పద్ధతి. మంచి డొల్ల, మంచి మీటు, వినగోరే జనం వున్నచోట చిన్న గొంతు కూడ దూరం పోగలదని అతడు నిరూపించినాడు.

1924లో పారిస్ నగరం, 1928లో న్యూయార్క్ అతనికి నీరాజనం పట్టినవి. 1935లో బాఖ్ మహాశయుడు వయొలిన్‌కై వ్రాసిన మహాకృతి చకోన్‌ను పారిస్ సభలో గిటారుపై వినిపించినప్పుడు, ఈ వాద్యానికి ఇంత లోతున్నదా యని విద్వాంసులు విస్తుపోయినారు. టొరోబా, తురీనా, పోన్సే, విల్లా లోబోస్ మొదలైనవారు అతనికై కొత్త కృతులు రచించినారు.

ఈ నడుమ జర్మనీ దేశపు హెర్మన్ హౌసర్ అనే వాద్య నిర్మాత 1924లో అతని కచేరీ విని, చేతిలోని రమీరెజ్ గిటారును శ్రద్ధగా పరిశీలించినాడు. అంతకంటె మేలైనది చేయవలెనని పంతం పట్టినాడు. ఒకటి చేసి తెస్తాడు. సెగోవియా వాయించి చూసి, ఇంకా కావలెనంటాడు. ఇట్లు పన్నెండేండ్లకు పైగా నడచినది. 1937లో తెచ్చిన వాద్యం చేతికందగానే సెగోవియాకు వెదుకులాట తీరినది. 1962 వరకు అదే అతని వాద్యం. నేడు ఆ రెండు గిటార్లూ న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో వున్నవి.

1936లో స్పెయిను అంతర్యుద్ధం వచ్చి అతని ఇల్లు చెదిరినది. దేశం విడిచి దక్షిణ అమెరికాలోని మాంటెవిడియోలో తలదాచుకొన్నాడు. ప్రపంచయుద్ధం మరొక కష్టం తెచ్చినది. ఆ రోజులలో గిటారుకు పై మూడు తీగలు పశువుల పేగులతో చేసినవే. గాయపడిన సైనికులకు కుట్లు వేయుటకు అవే కావలసివచ్చి, సంగీతానికి కరువైనవి. అప్పుడు న్యూయార్క్‌లో ఆల్బర్ట్ అగస్టిన్ అనే పనివాడు నైలాను దారంతో తీగలు చేసి చూసినాడు. సెగోవియా వాటిని పరీక్షించి, లోపాలు చెప్పి, సవరింపజేసి, 1940ల చివరినుండి తానే కట్టుకొన్నాడు. పేగుతీగలు చెమటకు ఉబ్బేవి, నడుకచేరీలో తెగేవి. నైలాను ఆ బాధ తప్పించినది. సంప్రదాయవాదియని పేరుపొందిన మనిషి, చెవి ఒప్పుకొన్నప్పుడు కర్మాగారపు సరుకును కాదనలేదు.

కాని విద్యుత్తును మాత్రం అతడు ఒప్పుకొనలేదు. గిటారుకు యంత్రపు గొంతు తగిలించడం అతనికి అపచారంగా తోచినది. ఇది అతని బలమూ, బలహీనతా కూడ. తన అభిరుచికి సరిపడని కొత్తదనాన్ని అతడు దరిచేరనీయలేదు. స్విట్జర్లండు రచయిత ఫ్రాంక్ మార్టిన్ 1933లో తనకై వ్రాసిన చక్కని కృతులను సెగోవియా ఎన్నడూ వాయించలేదు. శిష్యులు తన మార్గం తప్పితే సహించేవాడు కాదంటారు. మహావృక్షం నీడ చల్లనిదే గాని, ఆ నీడలో వేరొక మొక్క ఎదగడం కష్టం. అయినను జాన్ విలియమ్స్ వంటివారు ఆ నీడనుండియే వచ్చి తమ దారి తాము వెదుకుకొన్నారు. 1987 జూన్ 2న, తొంబదినాలుగేండ్ల వయసులో, మాడ్రిడ్‌లో సెగోవియా కన్నుమూసినాడు. కడపటి యేండ్లవరకు కచేరీలు మానలేదు.

ఆయన వద్దన్న దారిలోనే 1980ల తొలినాళ్లలో అమెరికా వాద్యకారుడు చెట్ అట్కిన్స్ పేర గట్టికొయ్య నైలాను గిటారు అంగడికి వచ్చినది. అయస్కాంతం ఉక్కుతీగ కంపనాన్ని పట్టగలదు గాని నైలానును పట్టలేదు. అందుచేత తీగలు ఆనే గుర్రం క్రింద ఒత్తిడికి విద్యుత్తు పుట్టించే స్ఫటికపు తునక నమర్చుతారు. లౌడుస్పీకరు మ్రోత డొల్లలో దూరి, మరల పెరిగి, ఊళ వేయడం మనం పందిళ్లలో వింటూనే వుంటాము. గట్టికొయ్యలో ఆ బెడద బహు తక్కువ. డప్పులు, తాళాలు, జనఘోష నడుమ వాయించేవానికి అది అక్కరకు వచ్చే వాద్యమే.

ఇదంతా విని ఆ విద్యార్థి, మరి నేనేది కొనవలెనని మరల అడిగినాడు. పందిరిలో వాయిస్తావా, ఇంటిలో సాధన చేస్తావా అని నేనడిగినాను. ఇంకా నేర్చుకోవలసియే యున్నదన్నాడు. అయితే మొదట డొల్ల గిటారే కొనుమన్నాను. మీటులోని తప్పును అది దాచకుండా చెవికి చెబుతుంది. పనసమ్రాను తొలిచి బొబ్బిలి వడ్రంగులు చేసే వీణ విషయంలోనూ ఇదే న్యాయం గదా! చేయి కుదిరి, సభ పిలిచిననాడు, గట్టికొయ్య వాద్యం తీసుకోవచ్చును. అప్పుడును తీగ తగిలించకముందు ఒకమారు వాయించి, ఆరు తంత్రులూ సమంగా పలుకుతున్నవో లేదో, మెడ చేతికి ఒదుగుతున్నదో లేదో చూసుకొమ్మన్నాను.

అతడు తలయూపి వెళ్లినాడు. నెల గడచిన పిమ్మట ఒక సాయంకాలం వాద్యంతో వచ్చి మా అరుగుమీద కూర్చుండి వాయించినాడు. డొల్ల గిటారే. తప్పులు చాల దొరలినవి. ప్రతి తప్పుకూ తానే ఆగి, తలవంచి, మరల మొదలుపెట్టినాడు. వీధి సద్దు మణిగేవరకు నేను వింటూ కూర్చున్నాను.