వెలుగు వేగము నెఱింగిన రోమర్

ఓలే రోమర్ 1644లో డెన్మార్కు దేశమందలి ఆర్హుస్ పట్టణమున జన్మించెను. పారిస్ వేధశాలలో పనిచేయుచు, గురుని ఉపగ్రహమగు అయో గ్రహణములు, భూమి గురునికి దూరమగుకొలది ఆలస్యమగుట గమనించెను. వెలుగునకును ప్రయాణకాలము కలదని గ్రహించి, 1676 నవంబరు 9నాటి గ్రహణమోక్షము 10 నిమిషములు ఆలస్యముగా కనబడునని ముందే ప్రకటించెను. అట్లే జరిగెను. అయినను వేధశాలకు పెద్దయగు కాసినీ సమ్మతింపలేదు.

రోమర్ 1681లో స్వదేశమునకు మరలి, 1710లో దివంగతుడయ్యెను. 1728లో కోపెన్‌హాగెన్ నగరము తగులబడగా అతని పరిశీలన పత్రములు పెక్కు భస్మమయ్యెను. మరుసటి యేడే బ్రాడ్లీ యను ఆంగ్లేయుడు నక్షత్రములను పరిశీలించి, వెలుగునకు వేగము కలదని వేఱొక మార్గమున స్థిరపఱచెను.

1838లో జర్మనీ పండితుడు బెస్సెల్ ఒక నక్షత్రపు దూరమును కొలిచి, అచ్చటినుండి వెలుగు వచ్చుటకు 10 సంవత్సరములకు పైగా పట్టునని తెలిపెను. కాంతి సంవత్సరమను కొలతకు మూలము రోమర్ కనుగొన్న సత్యమే.