జ్వరాన్ని పిలిచిన డాక్టరు

మా ఇంట్లో నాన్నకి అది కాయ్‌చల్, అమ్మకి జ్వరం. పేరేదైనా వెంటనే దిగిపోవాలి, అంతే. అలాంటి ఇంట్లో పెరిగిన నాకు, రోగికి కావాలనే జ్వరం తెప్పించిన డాక్టరు ఒకాయన ఉండేవాడని చదివితే ఆశ్చర్యమేసింది. ఆయన పేరు విలియమ్ కోలీ.

1862లో అమెరికాలోని కనెక్టికట్‌లో పుట్టాడు. హార్వర్డ్‌లో వైద్యం చదివి న్యూయార్క్‌లో సర్జన్ అయ్యాడు. 1890లో బెస్సీ డాషియెల్ అనే పదిహేడేళ్ల అమ్మాయి చెయ్యి నొప్పితో ఆయన దగ్గరికొచ్చింది. సార్కోమా అనే క్యాన్సర్. చెయ్యి తీసేసినా 1891 జనవరిలో చనిపోయింది. మనకంటే చిన్నది. కోలీ ఆమెను మరిచిపోలేకపోయాడు.

ఆసుపత్రి పాత రికార్డులు తిరగేస్తే ఒక కేసు దొరికింది. స్టెయిన్ అనే రోగికి మెడ మీద గడ్డ కోసిన ప్రతిసారీ మళ్లీ వచ్చేది. ఆసుపత్రిలోనే అతనికి ఎరిసిపెలాస్ సోకింది. చర్మం ఎర్రగా వాచి, ఒళ్లు కాలిపోయే జబ్బు అది. ఆ జబ్బు తగ్గేసరికి గడ్డ కూడా పోయింది! కోలీ ఊరంతా వెతికి అతన్ని పట్టుకున్నాడు. ఏళ్లు గడిచినా బతికే ఉన్నాడు.

ఆ ధైర్యంతో 1891లో బతికున్న క్రిములనే రోగులకు ఎక్కించాడు. కొందరికి గడ్డ కరిగింది. కొందరు ఆ జబ్బుతోనే పోయారు. అందుకే 1893 నుంచి చంపిన క్రిములు వాడాడు.

అయినా చాలామంది డాక్టర్లు నమ్మలేదు. మందు తయారీ ఒక్కోసారి ఒక్కోలా ఉండేది, రికార్డులు సరిగ్గా లేవు. ఆయన కొలవగలిగింది జ్వరాన్నీ, గడ్డ సైజునీ మాత్రమే. ఒంట్లో ఏం జరిగిందో చూపించే దారి అప్పట్లో లేదు. ఇంతలో ఎక్స్‌రే, రేడియం వచ్చాయి. 1936లో కోలీ చనిపోయాడు.

కూతురు హెలెన్ కోలీ నాట్స్ డాక్టరు కాదు. తండ్రి జీవితం రాద్దామని కాగితాలు తెరిచి, ఒక్కో రోగి కథనూ పోగుచేసింది. 1953లో క్యాన్సర్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ పెట్టడంలో ముందు నిలిచింది.

ఇప్పుడు డెండ్రిటిక్ కణాల టీకా అని ఒకటుంది. రోగి రక్తం నుంచి తయారుచేసిన ఆ కణాలకు గడ్డ ఆనవాళ్లు చూపించి, తిరిగి ఒంట్లోకి పంపుతారు. అవి టి కణాలకు శత్రువును చూపిస్తాయి. టీకాకి ముందూ తర్వాతా రక్తం తీసి, స్పందించిన టి కణాలను లెక్కపెడతారు. ఒక పరీక్షలో స్పందించిన కణం ఒక్కొక్కటీ ఒక చుక్క వదులుతుంది. ముగ్గు చుక్కల్లా వాటిని లెక్కపెట్టుకోవచ్చు. అయితే చుక్కలు పెరిగినంత మాత్రాన గడ్డ తగ్గుతుందని కాదు. రోగి ఎన్నాళ్లు బతికారో కూడా చూడాల్సిందే.

కోలీకి ఆ చుక్కలు దొరికుంటే ఎంతమంది బతికేవారో అనిపిస్తుంది నాకు. ఆ వెంటనే, ఆయన ఎక్కించిన క్రిములతో పోయినవాళ్లూ గుర్తొస్తారు. ఆయన కథలో వాళ్లనూ రాయాలి కదా, అందుకే రాశాను.