ఎలుక తలలో దారిపటం

బర్క్లీలో చదువుకున్న మన పిల్లల్లో చాలామందికి టోల్మన్ హాల్ అంటే మనస్తత్వశాస్త్ర విభాగం ఉండే పెద్ద కాంక్రీటు భవనం, అంతే. భూకంపానికి తట్టుకోలేదని 2019లో దాన్ని పడగొట్టారు. భవనం పోయినా, దానికి పేరిచ్చిన మనిషి కథ మనం తెలుసుకోదగ్గదే. అందులోనూ పిల్లల్ని ఎలాగైనా ఇంజనీరింగులో చేర్పించాలని తాపత్రయపడే మనం!

ఎడ్వర్డ్ చేస్ టోల్మన్ 1886లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని వెస్ట్ న్యూటన్‌లో, కలిగిన కుటుంబంలో పుట్టారు. అన్నగారు రిచర్డ్ ఆ తరవాత పేరుపొందిన భౌతిక శాస్త్రవేత్త. ఎడ్వర్డ్ ఎం.ఐ.టి.లో చేరడానికి కారణం ఇంజనీరు కావాలన్న కోరిక కాదు. లెక్కల్లో మంచి మార్కులు, దాని వెనక ఇంట్లోవాళ్ళ ఒత్తిడి. ఈ కథ మనకి కొత్తదేమీ కాదు. 1911లో ఎలక్ట్రోకెమిస్ట్రీలో పట్టా పుచ్చుకున్నారు గానీ, అప్పటికే విలియం జేమ్స్ రచనలు చదివి మనసు అటు మళ్ళింది. హార్వర్డ్‌కి మారి 1915లో మనస్తత్వశాస్త్రంలో డాక్టరేటు తీసుకున్నారు.

తల్లిగారిది క్వేకర్ల కుటుంబం, యుద్ధమంటే గిట్టని సంప్రదాయం. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో నార్త్ వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ, విద్యార్థుల పత్రికకి శాంతిని సమర్థిస్తూ ఒక వ్యాసం రాశారు. 1918లో ఆ ఉద్యోగం పోయింది. పైకి చెప్పిన కారణాలు వేరే. అదే ఏడు బర్క్లీలో ఉద్యోగం దొరికింది. ఇక జీవితమంతా అక్కడే, ఎలుకలతోనే.

ఆ రోజుల్లో అమెరికాలో వాట్సన్ గారి ప్రవర్తనవాదం రాజ్యమేలుతోంది. జంతువు అంటే మీట నొక్కితే కదిలే యంత్రం లాంటిది, ఉద్దేశం, ఆశ, ఆలోచన అనే మాటలు శాస్త్రంలో వాడకూడదు అన్నది ఆ పట్టు. టోల్మన్ తానూ ప్రవర్తనవాదినే అనేవారు. అయితే ప్రవర్తనని శ్రద్ధగా గమనిస్తే ఉద్దేశం అందులోనే కనబడుతుందన్నది ఆయన వాదం. ఒక దారి మూసుకుపోతే జీవి ఇంకో దారి వెతుకుతుందా? కావలసినది దొరికేదాకా ప్రయత్నం మానదా? మళ్ళీసారి మరింత సులువైన దారి పడుతుందా? ఇవి చేస్తే దానికి ఉద్దేశం ఉన్నట్టే. ఆత్మ గురించిన చర్చ అక్కర్లేదు. 1932లో ఈ విషయం మీదే, జంతువులలోనూ మనుషులలోనూ సోద్దేశ ప్రవర్తన అన్న అర్థం వచ్చే పేరుతో పెద్ద గ్రంథం వెలువరించి, దాన్ని తెల్ల ఎలుకకి అంకితమిచ్చారు. మన కవులు రాజులకీ దేవుళ్ళకీ కృతులిచ్చారు గానీ, ఎలుకకి ఇచ్చిన దాఖలా నాకు తెలియదు!

1930లో హాంజిక్‌తో కలిసి ఆయన ప్రచురించిన ప్రయోగం చూడండి. పద్మవ్యూహం లాంటి చిక్కుదారుల్లో మూడు గుంపుల ఎలుకల్ని రోజూ వదిలారు. ఒక గుంపుకి చివర్లో రోజూ తిండి. రెండో గుంపుకి ఎప్పుడూ లేదు. మూడో గుంపుకి పదకొండో రోజునుంచి మాత్రమే. పది రోజులూ ఊరికే తిరుగుతున్నట్టు కనబడిన ఆ మూడో గుంపు, తిండి దొరికిన మర్నాటికే మొదటి గుంపుతో సమానంగా తప్పుల్లేకుండా పరుగెత్తింది. అంటే ఆ పది రోజులూ వృథా పోలేదు. బహుమతి లేకపోయినా దారులు నేర్చుకుంటూనే ఉన్నాయి, వాటితో పని పడలేదంతే. ఎలుక తలలో దారిపటం తయారవుతుందని 1948లో టోల్మన్ ప్రసిద్ధ వ్యాసం రాశారు. విపరీతమైన ఆకలో, నిరాశో వెంటాడితే ఆ పటం ఇరుకైపోతుందనీ, మనుషుల్లో పరాయివాళ్ళ మీద ద్వేషానికీ అదే మూలమనీ అందులోనే అన్నారు. ఎలుకలనుంచి అంత దూరం దూకడం నాకు కాస్త సాహసంగానే తోస్తుంది. దారిపటం సంగతి మాత్రం నిలిచింది. 1971లో జాన్ ఓకీఫ్ ఎలుక మెదడులో చోటుని గుర్తుపట్టే కణాల్ని చూపించారు. ఆ పరిశోధనకి 2014లో మోసర్ దంపతులతో పాటు నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ వ్యాసం వచ్చిన మరుసటి ఏడే, 1949లో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పాలకమండలి అధ్యాపకులంతా తాము కమ్యూనిస్టులం కాదని ప్రమాణం చెయ్యాలంది. పౌరసత్వం తీసుకున్నప్పుడు మనలో చాలామంది కుడిచెయ్యెత్తి ప్రమాణం చేసినవాళ్ళమే. రాజ్యాంగానికి కట్టుబడతామన్న ప్రమాణానికి టోల్మన్‌కీ అభ్యంతరం లేదు. అభిప్రాయాల మీద ఆరా తీసే కొత్త ప్రమాణానికే ఒప్పుకోలేదు. ఆయన కమ్యూనిస్టు కాదు. పెళ్ళాంపిల్లల్ని పోషించుకోవలసిన చిన్నవాళ్ళని సంతకం పెట్టెయ్యమనీ, పోరాటం తట్టుకోగలిగినవాళ్ళకి వదలమనీ సలహా ఇచ్చారు. 1950లో 31 మంది ఉద్యోగాలు పోయాయి. అందులో ముప్ఫై రెండేళ్ళుగా అక్కడ పనిచేసిన, అరవై నాలుగేళ్ళ టోల్మన్ ఒకరు.

దావా వేశారు. ఆ మధ్యకాలంలో హార్వర్డ్‌లోనూ షికాగోలోనూ పాఠాలు చెప్పారు. 1952లో రాష్ట్ర సుప్రీంకోర్టు వాళ్ళని తిరిగి తీసుకోమంది. అయితే భావస్వేచ్ఛ పేరు మీద కాదు. రాష్ట్రం కోరే ప్రమాణానికి మించి విశ్వవిద్యాలయం వేరే ప్రమాణం అడగరాదని తీర్పు. గెలుపు సగమే.

ఆయన బర్క్లీకి తిరిగొచ్చి, 1954లో పదవీవిరమణ చేసి, 1959 నవంబరులో కన్నుమూశారు. పోయే ముందు అదే ఏడాది ఆ విశ్వవిద్యాలయమే గౌరవ డాక్టరేటు ఇచ్చింది. నాలుగేళ్ళ తరవాత కొత్త భవనానికి ఆయన పేరు పెట్టింది.