బేగం రొకేయా – గడప దాటించిన సంఘం

మీ ఊళ్ళో మహిళా మండలి గాని, పొదుపు సంఘం గాని ఉండే ఉంటుంది. ఆడవాళ్ళంతా నెలకోసారి ఒకచోట కూర్చుంటారు. లెక్కలు చూసుకుంటారు, కష్టసుఖాలు చెప్పుకుంటారు. ఇది మనకు మామూలు విషయమే. కాని వంద సంవత్సరాల కిందట కలకత్తా నగరంలో ముస్లిం స్త్రీలు ఇలా ఒకచోట కూర్చోవడమే పెద్ద వింత. ఆ పనికి పూనుకున్న స్త్రీ బేగం రొకేయా. ఆమె గురించి ఈ పాఠంలో తెలుసుకుందాం.

రొకేయా 1880లో బెంగాలులోని రంగపూర్ జిల్లా, పైరాబంద్ గ్రామంలో పుట్టింది. ఆ ఊరు ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. తండ్రి జమీందారు. ఇంట్లో సంపదకు లోటు లేదు. అయినా ఆడపిల్లలను బడికి పంపేవారు కాదు. ఘోషా ఎంత కఠినంగా ఉండేదంటే, ఐదేళ్ళ వయసు నుంచే ఆమె బయటి నుంచి వచ్చిన ఆడవాళ్ళ కంట కూడా పడకూడదు. అక్క కరీమున్నీసా ఆమెకు బెంగాలీ నేర్పింది. అన్న ఇబ్రహీం సాబెర్ రాత్రిపూట అందరూ నిద్రపోయాక, దీపం ముందు కూర్చోబెట్టి ఇంగ్లీషు నేర్పాడు.

పెళ్ళయ్యాక ఆమె బీహారులోని భాగల్పూరు చేరింది. భర్త సయ్యద్ సఖావత్ హుస్సేన్ డిప్యూటీ మేజిస్ట్రేటు. ఆయన భార్యను చదవమన్నాడు, రాయమన్నాడు. ఆమె ఇంగ్లీషులో రాసిన ‘సుల్తానా కల’ అనే కథ 1905లో మద్రాసు నుంచి వెలువడే ఒక స్త్రీల పత్రికలో అచ్చయింది. ఆ పత్రికను నడిపిన కమలా సత్యనాథన్ మన తెలుగు ఆడపడుచే. ఆ కథలో మగవాళ్ళు ఇంట్లో ఉంటారు, ఆడవాళ్ళు దేశాన్ని నడుపుతారు.

1909లో భర్త మరణించాడు. ఆడపిల్లల బడి కోసం ఆయన 10,000 రూపాయలు కేటాయించి ఉంచాడు. ఆ డబ్బుతో రొకేయా అదే ఏడాది భాగల్పూరులో ఐదుగురు పిల్లలతో బడి ప్రారంభించింది. ఆస్తి తగాదాల వల్ల అక్కడ ఉండలేక కలకత్తా వచ్చింది. 1911 మార్చి 16న ఎనిమిదిమంది పిల్లలతో మళ్ళీ బడి తెరిచింది. దానికి భర్త పేరు పెట్టింది.

బడి తెరిస్తే చాలదు, పిల్లలు రావాలి కదా! ఘోషా చెడకుండా బడికి చేరుస్తామంటేనే తల్లిదండ్రులు పంపేవారు. అందుకోసం ఒక బస్సును నాలుగు వైపులా మూసివేయించారు. లోపల చీకటికి, ఉక్కకు పిల్లలు ఏడ్చేవారు, స్పృహ తప్పేవారు. సరేనని తలుపులు తీసి తెరలు కట్టించారు. గాలికి తెరలు ఎగురుతున్నాయని కొందరు కోపంగా ఉత్తరాలు రాశారు. ఘోషాను తన రచనల్లో ఘాటుగా విమర్శించిన రొకేయా, బయటకు వెళ్ళేటప్పుడు తాను మాత్రం బురఖా వేసుకునేది. ఆమె దానిని తీసివేస్తే బడికి ఒక్క పిల్ల కూడా రాదని ఆమెకు తెలుసు.

పిల్లలకు బడి ఉంది. మరి వాళ్ళ తల్లుల సంగతి? వితంతువులు, దిక్కులేనివాళ్ళ సంగతి? ఈ ఆలోచనతోనే 1916లో ఆమె ‘అంజుమన్-ఎ-ఖవాతీన్-ఎ-ఇస్లాం’ స్థాపించింది. అంటే ముస్లిం మహిళా సంఘం అని అర్థం. సభ్యులను చేర్చడానికి ఆమె ఇంటింటికీ తిరిగింది. కొందరు తలుపు తీయలేదు, కొందరు నిందించారు. ఎంతో బతిమాలితే ఒక ఇల్లాలు సమావేశానికి వచ్చిందట. అంతా అయ్యాక, సభ అని పిలిచారు గాని ఆ సభ ఎక్కడా కనబడలేదే అని అడిగిందట. సభ అంటే ఏమిటో కూడా ఆమెకు తెలియదు. ఆమెను చూసి మనం నవ్వకూడదు. ఇల్లు దాటి ఎరగని మనిషికి అది ఎలా తెలుస్తుంది?

ఇలా చేరినవారితోనే సంఘం పనిచేసింది. వితంతువులకు డబ్బు సాయం చేసింది. అనాథలకు నీడనిచ్చింది. పేద పిల్లల చదువు ఖర్చు భరించింది, పెళ్ళిళ్ళు జరిపించింది. మురికివాడల్లో స్త్రీలకు చదవడం, రాయడం నేర్పింది.

1926లో కలకత్తాలో జరిగిన బెంగాలు మహిళా విద్యా సభకు రొకేయా అధ్యక్షత వహించింది. 1932 డిసెంబరు 9న కన్నుమూసింది. బంగ్లాదేశ్‌లో ఏటా ఆ రోజును రొకేయా దినంగా జరుపుకుంటారు. ఆమె స్థాపించిన బడి కలకత్తాలో నేటికీ నడుస్తోంది.

ఇప్పుడు మీ సంఘం గురించి ఒకసారి ఆలోచించండి. దానిలో ఇంకా చేరని స్త్రీలు మీ వీధిలో ఎవరు? వారు ఎందుకు రాలేకపోతున్నారు? ఇంట్లో వద్దంటున్నారా, పని తెమలడం లేదా, లేక ఎవరూ వెళ్ళి పిలవలేదా? కారణం తెలుసుకుని, వచ్చే సమావేశంలోపు వారి ఇంటికి ఒకసారి వెళ్ళి రండి.