రాయవరం కన్న మహాకవి

నక్కపల్లికి సమీపాన, సముద్రపు గాలి సోకే నేలలో సర్వసిద్ధి రాయవరం ఉన్నది. గురజాడ వెంకట అప్పారావుగారు 1862 సెప్టెంబరు 21వ తేదీన ఆ గ్రామంలో మేనమామగారి ఇంట జన్మించారు. తండ్రి వెంకట రామదాసుగారు విజయనగర సంస్థానోద్యోగి. అప్పారావుగారి బాల్యవిద్య చీపురుపల్లిలో సాగింది. పితృవియోగానంతరం ఆయన విజయనగరం చేరి, కళాశాలాధ్యక్షులు చంద్రశేఖర శాస్త్రిగారి ఆశ్రయంలో చదువుకొన్నారు. గిడుగు రామమూర్తిగారు అక్కడ ఆయనకు సహాధ్యాయి. 1886లో బి.ఏ. పట్టం పొంది, పిదప అదే కళాశాలలో అధ్యాపకులైనారు.

ఆనాటి విశాఖపట్టణ మండలంలో పసిబాలికలను ధనానికి వృద్ధులకు కట్టబెట్టే దురాచారం ప్రబలి ఉండేది. ఆనంద గజపతి మహారాజు లెక్క తీయించగా, మూడేండ్లలో బ్రాహ్మణ కుటుంబాలలోనే అట్టి వివాహాలు 1034 జరిగినట్లు తేలింది. ఆ వేదనలోనుండి వెలువడిన నాటకమే కన్యాశుల్కం. 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయినది. తాము పుట్టిన మండలంలోని జనుల నోట నలిగిన పలుకుబడినే అప్పారావుగారు ఆ నాటకానికి భాషగా గ్రహించారు. 1910లో ముత్యాల సరాలతో పద్యానికి క్రొత్త నడక నేర్పారు.

పాఠ్యగ్రంథాలకు గ్రాంథికమే తగునని పండితులు పట్టుపట్టగా, మద్రాసు విశ్వవిద్యాలయానికి 1914లో అసమ్మతి పత్రం సమర్పించారు. విజయం కంటబడకమునుపే, 1915 నవంబరు 30వ తేదీన కన్నుమూశారు. నేడు తరగతిలో ఉపాధ్యాయుడు వాడుక తెలుగులో పాఠం చెప్పడం, విద్యార్థి ఆ తెలుగులోనే సమాధానం వ్రాయడం, ఆ ఓడిన వాదానికి ఆలస్యంగా లభించిన గెలుపు.