ఫ్లారెన్స్ నైటింగేల్: కానుక సొమ్ముకు ఆమె చెప్పిన లెక్క

మన సంఘాలలో ఫ్లారెన్స్ నైటింగేల్ పేరు తెలియని ఇల్లు అరుదు. నర్సింగు శిక్షణ పొందే మన ఆడబిడ్డలు దీపాలు వెలిగించి చేసే ప్రమాణానికి ఆమె పేరే పెట్టారు. ఆ ప్రమాణం మాత్రం ఆమె వ్రాసినది కాదు. 1893లో అమెరికాలో దానిని వ్రాసినవారు ఆమె గౌరవార్థం ఆ పేరు పెట్టారు. చేత దీపంతో, రాత్రివేళ, గాయపడిన సైనికుల మంచాల మధ్య నడిచే ఆమె బొమ్మను చిన్ననాటినుండి చూస్తున్నాము. ఆ దీపాన్ని గురించి ఇదివరకే అనేకులు వ్రాసియున్నారు. నేను వ్రాయదలచినది ఆమె పేరిట ప్రజలిచ్చిన ధనాన్ని గురించి, ఆ ధనంతో తెరిచిన ఒక చిన్న పురిటి వార్డును గురించి. శతాబ్ది నిధి కోసం రసీదు పుస్తకాలు చేతబట్టుకొని ఇంటింటికీ తిరుగుతున్న మనకు ఇది అంత దూరపు సంగతి కాదు.

ఆమె 1820 మే 12న ఇటలీ దేశంలోని ఫ్లారెన్స్ పట్టణంలో జన్మించారు. ఊరి పేరే ఆమెకు పేరయింది. తలిదండ్రులు ఆంగ్లేయులు, గొప్ప ఆస్తిపరులు. తండ్రి తానే గురువై ఇద్దరు కుమార్తెలకు గ్రీకు, లాటిను, చరిత్ర నేర్పించాడు. చిన్న కుమార్తెకు అన్నిటికంటె లెక్కలమీద మక్కువ. 1837 ఫిబ్రవరి 7న, పదిహేడేళ్ళయినా నిండకముందే, దేవుడు తనను తన సేవకు పిలిచాడని ఆమె వ్రాసుకొన్నారు. ఏ సేవకు పిలిచాడో తెలియటానికి కొన్నేళ్ళు పట్టింది. తెలిసిన తరువాత ఇంటివారు ఒప్పుకోవటానికి మరికొన్నేళ్ళు పట్టింది. ఆ కాలపు ఇంగ్లండులో ఆసుపత్రి నర్సు అంటే మర్యాదస్థుల ఇంట చెప్పుకొనే పని కాదు. తల్లి, అక్క ఏడ్చి గగ్గోలు పెట్టారు. మంచి సంబంధం వస్తే ఆమె కాదన్నారు. చివరకు 1851లో జర్మనీలోని కైసర్స్‌వెర్త్‌లో, పాస్టరు ఫ్లీడ్నర్ దంపతులు 1836లో స్థాపించిన డీకనెస్సుల గృహంలో మూడు నెలలు వుండి రోగుల సేవ నేర్చుకొన్నారు. సాధారణమైన ఒక చిన్న సంఘ పాస్టరు, ఆయన భార్య ఆరంభించిన పని అది. అక్కడికి వెళ్ళకపోతే ఆమె జీవితం ఏ త్రోవ పట్టేదో.

క్రిమియా యుద్ధ కథ అందరికీ తెలిసినదే గనుక క్లుప్తంగా చెప్తాను. 1854 నవంబరు 4న ముప్పదియెనిమిది మంది స్త్రీలతో ఆమె టర్కీలోని స్కుటారి సైనిక ఆసుపత్రి చేరారు. ఆహారం, బట్టలు, పరుపులు సమకూర్చారు, వంటశాల బాగుచేశారు. అయినప్పటికీ ఆ చలికాలంలో మరణాలు తగ్గలేదు. 1855 ఫిబ్రవరిలో ఆసుపత్రిలో చేరినవారిలో నూటికి 42 మంది చనిపోయారు. మార్చి నెలలో ప్రభుత్వం పంపిన పారిశుధ్య సంఘం వచ్చి, భవనం క్రింద నిండిపోయిన మురుగు కాలువలను శుభ్రం చేయించింది, గాలి ఆడేటట్లు చేసింది. జూను నాటికి మరణాలు నూటికి రెండుకు దిగాయి. స్వదేశానికి తిరిగివచ్చిన తరువాత, జనన మరణ లెక్కలలో ఆరితేరిన డాక్టర్ విలియం ఫార్‌తో కూర్చొని ఆమె ఆ పట్టీలన్నీ తిరగవేశారు. గాయాలకంటె మురికివల్ల వచ్చిన జబ్బులే ఎక్కువమందిని చంపాయనీ, ఆ చలికాలం తాను దీపం పట్టుకొని తిరిగిన వరండాలే అందరిలోకి ఎక్కువ ప్రాణాలు తీసినవాటిలో వున్నాయనీ తేలింది. దయ వుంటే చాలదనీ, దయ చూపించిన చోట రోగి బ్రతికాడా లేదా అన్నది విడిగా లెక్కపెట్టి చూడాలనీ అప్పటినుండి ఆమె పట్టుపట్టారు.

ఇక నిధి సంగతి. ఆమె ఇంకా స్కుటారిలో వుండగానే, 1855 నవంబరు 29న లండనులో పెద్ద సభ జరిగింది. ఆమెకు నగలో, వెండి పాత్రలో బహూకరించే బదులు, నర్సులకు శిక్షణనిచ్చే సంస్థకొక నిధి పోగుచేయటం మంచిదని తీర్మానించారు. సుమారు 45,000 పౌండ్లు పోగయ్యాయి. ఆ రోజులలో అది అపారమైన ధనం. జెన్నీ లిండ్ అనే ప్రఖ్యాత గాయని ఒక సంగీత సభ జరిపి దాని రాబడి ఇచ్చింది. అన్నిటికంటె నన్ను కదిలించేది సైనికుల చందా. ఒక్కొక్కడు ఒక దినపు జీతం చొప్పున ఇవ్వగా సుమారు 9,000 పౌండ్లు వచ్చాయి. విధవరాలి రెండు కాసుల సంగతి ఎరిగిన మనకు ఆ సొమ్ము విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఆమె ఈ నిధిని అడుగలేదు. వచ్చిన తరువాత సంతోషంకంటె బరువే ఎక్కువ అనుభవించినట్లు కనబడుతుంది. తొందరపడి ఖర్చు పెట్టలేదు. 1860లో లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల పాఠశాల ఆరంభమయింది. మొదటి జట్టు పదిహేనుమంది. ప్రపంచమంతటా నేటి నర్సింగు విద్యకు మూలం అక్కడున్నదని అందరూ ఒప్పుకొంటారు. ఆ సంవత్సరమే లండనులో జరిగిన అంతర్జాతీయ గణాంక మహాసభకు ఆమె మరొకటి పంపారు. ప్రతి ఆసుపత్రి ఒకే నమూనా పట్టీలో, ఎవరు చేరారు, ఏ జబ్బుతో చేరారు, ఎన్నాళ్ళున్నారు, బాగై వెళ్ళారా, చనిపోయారా అని వ్రాయాలన్నది ఆమె ప్రతిపాదన. సభ మెచ్చుకొన్నది. లండను ఆసుపత్రులు కొన్ని ఆ పట్టీలను వాడి చూచాయి కూడా. కాని వ్రాత ఎక్కువ, ఖర్చు ఎక్కువ, జబ్బుల పేర్లలో వైద్యులకు ఏకాభిప్రాయం లేదు. కొంతకాలానికి మానివేశారు. మన సమాధుల రిజిస్టరులో మరణ కారణానికొక గడి వుంటుంది. అది ఎన్నిచోట్ల ఖాళీగా వుంటుందో చూచినవారికి ఇందులో ఆశ్చర్యం తోచదు.

నిధిలో మరికొంత సొమ్ముతో 1861లో కింగ్స్ కాలేజి ఆసుపత్రిలో చిన్న పురిటి వార్డు తెరిచారు. దీనిమీద ఆమెకు ఎంతో ఆశ. పల్లెలలో బీద స్త్రీల పురుళ్ళు ఏ శిక్షణా లేని మంత్రసానుల చేతులలో వున్నాయి. గ్రామాలనుండి మంచి నడవడి గల స్త్రీలను రప్పించి, ఆరు నెలలు వుంచి, నేర్పించి, తిరిగి వారి ఊళ్ళకే పంపాలని ఏర్పాటు. వార్డు ఖర్చు నిధి భరించింది. ఆంగ్లికన్ సహోదరీ సమాజానికి చెందిన మేరీ జోన్స్ అనే భక్తురాలు ఆ వార్డుకు పెద్ద. ఆమె పనితనంమీద నైటింగేల్‌కు అపారమైన నమ్మకం. ఉద్దేశం మంచిది, మనుషులు మంచివారు, ధనం వున్నది. మనం ఏ పనికైనా ఇంతకంటె ఏమి కోరుకొంటాము?

అయినను బాలింతలు చనిపోయారు. పురుడు సుఖంగా జరిగిన రెండు మూడు దినాలకు చలి, జ్వరం, పొత్తికడుపు నొప్పి, ఆపైన మరణం. వైద్యులు సూతికా జ్వరమంటారు, మన పెద్దలు బాలింత జ్వరమన్నారు. ఒక సంవత్సరం ఒకరిద్దరు పోతే దైవేచ్ఛ అనుకోవచ్చును. కాని 1867లో జ్వరం విజృంభించింది, వార్డును మూసివేశారు. అదే కాలంలో ఆ సహోదరీ సమాజంలో అధికారాన్ని గురించిన తగవులు కూడా నడిచాయి. మేరీ జోన్స్ త్వరలోనే ఆసుపత్రి విడిచి వెళ్ళారు. కనుక ఆ తగవుల వంకతో వార్డు కథను అక్కడితో ముగించటం ఎవరికైనా సులభమే. నైటింగేల్ ఆ సులభమైన త్రోవ పట్టలేదు.

తన పేరిట నడిచిన ఆ వార్డు పట్టీలనే ముందు తెప్పించారు. ఆరు సంవత్సరాలలో సుమారు 780 ప్రసవాలు. మరణాలు వెయ్యికి 33 చొప్పున, అనగా ముప్పదిమంది తల్లులలో ఒకరు. ఇంగ్లండు మొత్తంమీద, ఇళ్ళలో జరిగే పురుళ్ళతో కలిపి చూస్తే, వెయ్యికి సుమారు 5 మాత్రమే. శిక్షణ లేని మంత్రసాని పల్లెటూరి గుడిసెలో చేసిన పురుడుకంటె, నిధి సొమ్ముతో నడిచిన వార్డులో పురుడు ఆరింతలు ప్రమాదకరమయిందన్నమాట.

అయితే కింగ్స్ వార్డు ఒక్కటే ఇట్లున్నదా, ప్రసూతి ఆసుపత్రులన్నీ ఇంతేనా? డాక్టర్ జాన్ సదర్లాండ్ సహాయంతో ఆమె కొన్నేళ్ళపాటు ఇంగ్లండునుండి, ఐరోపా దేశాలనుండి లెక్కలు సేకరించారు. ఫ్రెంచి శస్త్రవైద్యుడు లెయోం లెఫోర్ 1866లో ప్రకటించిన పట్టీలు ఆమెకు చాలా ఉపకరించాయి. వివిధ దేశాల ఆసుపత్రులలో జరిగిన సుమారు 8,88,000 పురుళ్ళలో 29 మంది తల్లులకొకరు చనిపోగా, ఇళ్ళలో జరిగిన సుమారు 9,34,000 పురుళ్ళలో 212 మందికొకరు చనిపోయారు. కష్టమైన కాన్పులే ఆసుపత్రికి వస్తాయి గనుక అక్కడ మరణాలు ఎక్కువని వైద్యులు సమాధానం చెప్పేవారు. ఆమె ఆ సమాధానాన్ని త్రోసివేయక, పరీక్షించారు. వర్కుహౌసులు అనబడే బీదల గృహాలకు వచ్చేవారు అందరిలోకి బలహీనులు, దిక్కులేనివారు. వైద్యుల మాట నిజమైతే అక్కడ మరణాలు అందరికంటె ఎక్కువ వుండాలి. కాని అట్టి కొన్ని గృహాలలో పేరుమోసిన ప్రసూతి ఆసుపత్రులకంటె తక్కువ మరణాలు కనబడ్డాయి. సైనికుల భార్యలకు కట్టిన చిన్న పాకల వంటి ఆసుపత్రులలోనూ అంతే. అనేకమంది బాలింతలను ఒకే కప్పు క్రింద చేర్చటం, ఇతర రోగులున్న ఆసుపత్రిలోనే పురిటి వార్డు పెట్టటం, శవపరీక్ష గదినుండి వచ్చిన విద్యార్థి తిన్నగా బాలింత దగ్గరకు రావటం, ఇవే ప్రాణాంతకమని ఆమె తేల్చారు.

1871లో ఇదంతా పుస్తకంగా అచ్చయింది. తన పేరుగల నిధితో నడిచిన వార్డు అంకెలను అందులో దాచలేదు, మెత్తబరచలేదు, మిగిలినవాటి ప్రక్కనే వేశారు. ప్రసవం జబ్బు కాదు గనుక ప్రసవంలో తల్లి చనిపోతే ఎవరో ఒకరు సమాధానం చెప్పవలసిందేనన్నది ఆమె వాదం. నాకు ముఖ్యంగా తోచేది ఆ ప్రశ్న ఎవరిదన్న సంగతి. ఎందరు మంత్రసానులకు శిక్షణ ఇచ్చారని చందాదారులు అడుగుతారు. ఎన్ని పురుళ్ళు పోశారని ఆసుపత్రివారు చెప్పుకొంటారు. నేను ప్రాణంతో ఇంటికి వెళ్తానా అన్నది మంచంమీది తల్లి ప్రశ్న. నైటింగేల్ ఆ మూడవ ప్రశ్నను పట్టుకొన్నారు.

నేడు అమెరికాలో, 2010 నాటి చట్టం ప్రకారం ఏర్పడిన ఒక సంస్థ, రోగులకు నిజంగా కావలసిన ప్రశ్నలను ఆసుపత్రుల రోజువారీ వైద్యంలోనే పరిశోధించేవారికి గ్రాంట్లు ఇస్తున్నది. ఏ ప్రశ్న అడగాలో నిర్ణయించేటప్పుడు రోగులను, వారి ఇంటివారిని కూడా కూర్చోబెడతారు. మన బిడ్డలలో నర్సులుగా, వైద్యులుగా ఆ దేశంలో పనిచేసేవారు దీనిని ఎరిగియుందురు. ఇంతమాత్రం నైటింగేల్ చేయలేదు. ఆమె నిధి సంఘంలో పెద్దమనుషులే వున్నారుగాని బీద బాలింత ఎవరూ కూర్చోలేదు. మరొక లోపం కూడా చెప్పాలి. సూక్ష్మక్రిములను గురించిన మాటను ఆమె చాలాకాలం నమ్మలేదు. చెడు గాలి, మురికి, ఇరుకు, ఇవే కారణమనుకొన్నారు. వియన్నాలో సెమ్మెల్‌వైస్ 1847లోనే వైద్యుల చేతులు క్లోరిన్ నీటిలో కడిగించి మరణాలు తగ్గించియున్నాడు. కారణం విషయంలో ఆమె పొరపడ్డారు. అయినా లెక్క సరిగా వున్నందువల్ల ఆమె చెప్పిన జాగ్రత్తలు చాలావరకు సరైనవే అయ్యాయి. విడి గదులు, తక్కువ మంచాలు, శవపరీక్ష గదికి దూరం, ప్రతి పురుడుకు ఒకే విధమైన రికార్డు, ఇవి పుస్తకంలో ఆమె కోరినవి. అందులో ఆమె ప్రతిపాదించిన నమూనా ప్రసూతి గృహం నిధి సొమ్ముతో లేవలేదు.

మన దేశానికి ఆమె ఎన్నడూ రాలేదు. అయినా 1859నుండి ఇండియాలోని సైనిక స్థావరాలన్నిటికీ ప్రశ్నల పట్టీలు పంపి, నీరు, మురుగు, మరణాల వివరాలు తెప్పించారు. ఏటా వెయ్యిమంది సైనికులకు 69 మంది చనిపోతున్నట్లు 1863 నివేదికలో తేలింది. మరుసటి సంవత్సరమే, మన కోస్తా జిల్లాలు చేరియున్న మద్రాసు రాజధానిలోనూ, తక్కిన రెండు రాజధానులలోనూ పారిశుధ్య సంఘాలు ఏర్పడ్డాయి. సైనికులతో ఆరంభించి ఆమె మనస్సు గ్రామీణుల మీదికి మళ్ళింది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్‌తో ఉత్తరాలు నడిపారు. 1877 నాటి కరవు తరువాత, కాలువ నీరే ఈ ప్రజల ప్రాణమని ఆయనతోపాటు ఆమె కూడా గట్టిగా వాదించారు.

క్రిమియానుండి తెచ్చుకొన్న జబ్బువల్ల చాలా ఏళ్ళు పడకగదినుండే ఈ పనులన్నీ చేశారు. 1907లో రాజు ఆమెకు ఆర్డర్ ఆఫ్ మెరిట్ ఇచ్చినప్పుడు చూపు, జ్ఞాపకశక్తి తగ్గిపోయి వున్నాయి. 1910 ఆగస్టు 13న నిద్రలోనే ప్రభువునందు విశ్రమించారు. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో సమాధి చేస్తామంటే ఇంటివారు ఒప్పుకోలేదు. ఈస్ట్ వెల్లో గ్రామ దేవాలయపు ఆవరణలో ఆమెను పాతిపెట్టారు. రాతిమీద పేరు కూడా లేదు, రెండు పొడి అక్షరాలు, రెండు తేదీలు. 1871 నాటి ఆ పుస్తకాన్ని మాత్రం ఆమె ఒక మంత్రసానికి అంకితమిచ్చి వెళ్ళారు. గ్రీకు తత్త్వవేత్త సోక్రటీసు తల్లి ఆ వృత్తిలో వుండేది. ఆ తల్లికి పుస్తకమిచ్చి, సరిగా ప్రశ్నించే గుణం తనకు కలగాలని ఆమె కుమారుని తలచుకొన్నారు.