దుకాణంలో కూర్చున్న ఇమాం

ఇమామె ఆజం హజ్రత్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి) గారి పేరు మన ఇళ్ళలో అందరికీ తెలిసినదే. మన తెలుగునాట ముస్లిములలో అధిక సంఖ్యాకులు నమాజు, నికాహ్, వారసత్వం వంటి విషయాల్లో వారు చూపిన బాటనే నడుస్తున్నారు. అయితే ఆ మహనీయులు బట్టల వ్యాపారం చేసి బ్రతికారన్న సంగతి చాలామంది గుర్తుంచుకోరు.

వారి అసలు పేరు నొమాన్ బిన్ సాబిత్. హిజ్రీ 80 (క్రీ.శ. 699)లో ఇరాక్ దేశపు కూఫా పట్టణంలో జన్మించారు. పట్టు కలిసిన ఖరీదైన వస్త్రాల వ్యాపారం వారిది. యౌవనంలో బజారుకు పోతూ వస్తూ ఉండగా, షాబీ అనే గొప్ప పండితుడు వారి తెలివితేటలు గమనించి చదువు వైపు మళ్ళమని సలహా ఇచ్చారు. ఆ మాట మనసుకు పట్టింది. హమ్మాద్ గారి వద్ద సుమారు 18 ఏళ్ళు శిష్యరికం చేశారు. హిజ్రీ 120లో గురువుగారు గతించాక ఆ స్థానంలో కూర్చుని పాఠం చెప్పసాగారు. అయినా వ్యాపారం మానలేదు.

ఒకసారి తమ భాగస్వామి హఫ్స్ గారికి సరుకు పంపుతూ, అందులో ఒక వస్త్రంలో లోపం ఉందని, కొనేవారికి ఆ సంగతి చెప్పి మరీ అమ్మమని హెచ్చరించారట. హఫ్స్ గారు మరచిపోయి మామూలుగానే అమ్మేశారు. కొన్నవాడెవరో కూడా తెలియలేదు. ఇందులో దగా లేదు, ఉన్నది మరపే. అయినా ఇమాం గారు ఊరుకోలేదు. ఆ సరుకు మీద వచ్చిన డబ్బంతా సదఖా చేసేశారని వారి జీవిత చరిత్రకారులు వ్రాశారు.

మరొక ముచ్చట. ఒక స్త్రీ పట్టు వస్త్రం అమ్మజూపి నూరు దిర్హములు అడిగింది. అది అంతకన్నా ఎక్కువ విలువైనదని ఇమాం గారే చెప్పారు. ఆమె నూరు నూరు చొప్పున పెంచుతూ నాలుగు వందల దాకా వచ్చింది. ఇంకా ఎక్కువే అనేసరికి, తనతో పరిహాసమాడుతున్నారనుకుంది. చివరికి వేరొకరిచేత వెల కట్టించి, ఐదు వందలకు కొన్నారట. అవతలివారి తెలియనితనం మన లాభం కారాదన్నదే వారి లెక్క.

లోపం దాచి అమ్మిన సరుకును వాపసు ఇచ్చే హక్కు, చూడకుండా కొన్నదాన్ని చూశాక వద్దనే హక్కు కొన్నవారికి హనఫీ ఫిఖహ్‌లో ఉన్నాయి. బజారులో కూర్చున్నవారికే ఇటువంటి చిక్కులు బాగా తెలుస్తాయి.

లాభంలో నుంచి విద్యార్థులనూ, పండితులనూ పోషించేవారు. జనం తమ సొమ్ము అమానతుగా వారి వద్దనే దాచుకునేవారు. సొంత సంపాదన ఉన్నందున పాలకుల ముందు చేయి చాచలేదు. ఖలీఫా మన్సూర్ ఖాజీ పదవి ఇవ్వజూపినా స్వీకరించక ఖైదు పాలై, హిజ్రీ 150 (క్రీ.శ. 767)లో బాగ్దాదులో కన్నుమూశారు.

సోదరులారా! మనలో కిరాణా కొట్టువారున్నారు, బట్టల కొట్టువారున్నారు, తోపుడు బండి మీద బ్రతికేవారున్నారు. చిరిగిన అంచు మడతలో దాచేటప్పుడు, పుచ్చినవి అడుగున పెట్టి మంచివి పైన పేర్చేటప్పుడు కూఫా బజారు ఒక్కసారి గుర్తు తెచ్చుకుందాం. ఇమాం గారి వెనుక నమాజు నేర్చుకున్నాం, వారి త్రాసు కూడా నేర్చుకోవద్దా?